రూపాయికి మూడు ప్రాణాలు

మా రోజుల్లో పాత సామాను కొనడానికి వెళ్లేవాడు జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకునే వెళ్లేవాడు. రేడియో అయినా, టేప్‌రికార్డరయినా, టీవీ అయినా, ముందు మొహం ఎంత మెరుస్తున్నా ఖాతరు చేసేవాళ్లం కాదు. "ముందు ఎనక మూత ఇప్పు బావూ" అనేవాళ్లం. లోపలి దుమ్ము చూస్తే ఎన్నాళ్లు వాడారో తెలిసేది. టంకం చూస్తే ఎంతమంది చెయ్యి పెట్టారో తెలిసేది. అమ్మేవాడు కూడా దాచేవాడు కాదు. "వర్టికల్ పోనాది, అందుకే ఈ రేటుకి ఇస్తన్నాను" అని ఫాల్టుని కూడా బేరంలోకి లాగేవాడు. ఆ మాట మీద ఇంకో వంద తగ్గించమని మనం, తగ్గనని అతను, మధ్యలో రెండు టీలు.

ఇప్పుడు ఫోన్లో నాలుగు ఫొటోలు, కింద "గుడ్ కండిషన్" అనే రెండు ముక్కలు. నాలుగు ఫొటోలూ ముందు నుంచి తీసినవే. డబ్బు ముందే పంపించేస్తారు. సామాను వచ్చాక మా బోటి ముసలాళ్లకి ఫోన్ చేస్తారు.

మా అన్నయ్య కొడుకు అలాగే కొన్నాడు. వాడికి రుషికొండ ఐటీ కొండమీద ఉద్యోగం, మధురవాడలో ఫ్లాటు. నేను స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాక ఇక్కడే మిథిలాపురి కాలనీలో స్థిరపడ్డాను కనక, ఇలాంటివన్నీ ముందు నా నెత్తికే వస్తాయి. కొన్నది ఏమిటంటే, పాత వీడియో గేము పెట్టె. నిలువెత్తు పెట్టె, ముందు టీవీ తెర, రెండు జాయ్‌స్టిక్కులు, ఎర్ర బొత్తాలు. అనకాపల్లి వైపు ఏదో గోడౌన్లో పడివున్నదాన్ని ముప్పై అయిదు వేలు పోసి కొన్నాడు. మేం ఆ డబ్బుకి మూడు పెట్టెలు, వాటిని పెట్టుకోడానికి ఓ కొట్టు కూడా చూసుకునేవాళ్లం.

టాటా ఏస్‌లో పడుకోబెట్టి తెచ్చారు దాన్ని. నా గుండె అక్కడే సగం జారింది. పిక్చర్ ట్యూబు ఉన్న పెట్టెను నిలబెట్టి తేవాలిరా నాయనా, మెడ సన్నంగా ఉంటుంది, ఒక్క కుదుపు చాలు. సెల్లార్లో దింపగానే వెనక తలుపు తీయించి, టార్చి వేసి ట్యూబు మెడ దగ్గర చూశాను. లోపలి గాజుకి వెండి రంగు పూత ఉంటుంది, గెట్టర్ అంటాం. గాలి దూరితే అది తెల్లగా సున్నంలా మారిపోతుంది. అది తెల్లబడితే ఇక రిపేరు మాటే లేదు, ఇంటికి పోవచ్చు. వెండి రంగు అలాగే ఉంది. "అదృష్టవంతుడివి, నీ తెలివి వల్ల మాత్రం కాదు" అన్నాను.

అడుగు ప్లైవుడ్డు జానెడు ఎత్తు వరకూ పొరలు విడి ఉబ్బిపోయింది. దాని పైన చెదల దారులు. అమ్మినవాడు చెప్పకపోయినా పెట్టె ఎక్కడో నీళ్లలో నిలబడిందన్న సంగతి ఆ చెక్క చెబుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల తడవని గోడౌన్ ఎక్కడుంది గనక? తీగల కొసలన్నిటికీ పచ్చటి చిలుము. విశాఖలో ఎలక్ట్రానిక్స్ పని చేసినవాడికి మొదటి శత్రువు కరెంటు కాదు, సముద్రపు గాలి. దాంట్లో ఉప్పు ఉంటుంది. రాగి తీగని, ఇనుప స్క్రూని, ఐసీ కాళ్లని సమానంగా తింటుంది.

వాడు అప్పటికే ప్లాను వేసుకుని ఉన్నాడు. "బాబాయ్, ఈ ట్యూబు పీకేసి ఎల్‌ఈడీ మానిటర్ పెడదాం. బోర్డు కూడా తీసేద్దాం. మూడు వేల గేములున్న బోర్డు ఆన్‌లైన్లో దొరుకుతోంది, గంటలో అయిపోతుంది."

ట్యూబు తీసేసి, బోర్డు తీసేసి, చెదలు తిన్న చెక్క మార్చేసి, వైరింగు పారేస్తే మిగిలేది ఏమిటి? పైనున్న రంగు స్టిక్కరు. దానికి ముప్పై అయిదు వేలా! మూడు వేల గేములంటావు, జీవితంలో ఏ అయిదారో ఆడతావు, మిగతావన్నీ పేర్లు మార్చిన అవే గేములు. మా రోజుల్లో పెట్టెకి ఒకటే గేము. అది ఆడాలంటే ఆ కొట్టుకే వెళ్లాలి. ఆ పెట్టె ముందు నిలబడాలి. ముందున్నవాడి ప్రాణాలు అయిపోయేదాకా కాచుకోవాలి.

ఆ కొట్ల సంగతి ఇప్పటివాళ్లకు చెప్పాలి. స్పేస్ ఇన్వేడర్స్‌ను జపాన్‌లో టైటో కంపెనీ 1978లో తెచ్చింది. పాక్‌మాన్ నామ్‌కో వాళ్లది, 1980. మన ఊళ్లలో ఈ పెట్టెల జోరు మాత్రం తొంభైల్లోనే. జగదాంబ జంక్షన్ వెనక సందుల్లో, గాజువాకలో, కంచరపాలెంలో, సినిమా హాలూ కాలేజీ ఉన్న ప్రతిచోటా ఒక చీకటి గది, గదిలో నాలుగు పెట్టెలు. అప్పటికి మధురవాడ ఊరే కాదు. హనుమంతవాక దాటితే విశాఖ అయిపోయిందనుకునేవాళ్లం. ఇటు జీడితోటలు, తాటిచెట్లు, అయిదో నంబరు హైవే మీద లారీలు. ఇప్పుడు ఆ హైవేకి పదహారో నంబరు వేశారు. నంబరు మారింది కానీ కార్‌షెడ్ జంక్షన్లో రోడ్డు దాటడం మాత్రం ఇంకా కష్టమయింది.

ఆ పెట్టెల్లో విదేశాల నుంచి వచ్చింది బోర్డు ఒక్కటే. మిగతాదంతా మనవాళ్ల పనే. వడ్రంగి ప్లైవుడ్డుతో పెట్టె కట్టేవాడు, పైన సన్‌మైకా అంటించేవాడు. లోపల మామూలు కలర్ టీవీ ఛాసిస్, ట్యూబు. బోర్డు మద్రాసు రిచీ స్ట్రీటు నుంచో, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ నుంచో వచ్చేది. టీవీకీ బోర్డుకీ పెళ్లి చేసేది మాలాంటి వాళ్లం. ఆ పెళ్లి అంత తేలిక కాదండీ. మన టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మ గీసుకోడానికి కట్టింది. ఆ బోర్డు పంపేది దాదాపు 60 సార్లు. కలిపి ఊరుకుంటే బొమ్మ పైకి దొర్లుతూనే ఉంటుంది. వర్టికల్ హోల్డు పట్టాలి, హైటు సరిచెయ్యాలి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం సిగ్నళ్లు మూడూ నేరుగా ట్యూబు దగ్గరికి లాగాలి. ఏ పుస్తకంలోనూ లేదు ఇదంతా. ఒకడు కనిపెడితే పదిమంది చూసి నేర్చుకున్నారు.

నేను పగలు స్టీల్‌ప్లాంటులో ఎలక్ట్రానిక్స్ రిపేరు సెక్షన్. సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటు మాది. 1990లో గోదావరి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించిన నాటి నుంచి నేను చూసింది ఒకటే: కార్డు పోతే కొత్త కార్డు రాదు. వస్తే నెలలు పడుతుంది. అందుకని సిగ్నలుని తెరమీద గీసి చూపించే సీఆర్‌ఓ పెట్టి, సిగ్నలు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిందో వెతికి, పోయిన ఒక్క ట్రాన్సిస్టరు మార్చేవాళ్లం. సాయంత్రాలు గాజువాకలో వీడియో గేము పెట్టెలకు అదే వైద్యం. ఇప్పుడు సర్వీసు సెంటర్‌కి వెళితే కుర్రాడు మూత కూడా తియ్యడు. "మదర్‌బోర్డు మార్చాలి సార్" అంటాడు. మా కాలంలో బోర్డు మార్చాలన్న మెకానిక్కు దగ్గరికి రెండోసారి ఎవడూ పోయేవాడు కాదు.

ఆ కొట్లు గుళ్లేమీ కావు. బీడీ పొగ, బడి ఎగ్గొట్టిన గుంటలు, అరుపులు. ఆడపిల్ల ఒక్కతె కూడా లోపలికి వచ్చేది కాదు. పోలీసులకు ఈ కొట్లంటే మంట. కర్ణాటకలో వీడియో గేము పార్లర్లకు పోలీసు లైసెన్సు కావాలా వద్దా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో కోర్టు లైసెన్సు కావలసిందే అంది. మా గుంటల మోసాలు ఆ కోర్టు దాకా వెళ్లలేదు కానీ, వెళ్లవలసినవే. గ్యాస్ స్టవ్వు లైటరు తెచ్చి కాయిన్ పెట్టె దగ్గర టిక్కుమనిపిస్తే క్రెడిట్ పడిపోయేది. ఆ నిప్పురవ్వ పుట్టించే గందరగోళానికి బోర్డు రూపాయి పడిందనుకునేది. ఓనరు లబోదిబోమంటే నేను వెళ్లి, రేకుకి ఎర్తు తగిలించి, కాయిన్ స్విచ్చికి చిన్న కెపాసిటర్ వేసి వచ్చేవాణ్ణి. వారం తిరక్కుండా ఇంకో ఉపాయం. ఆ తెలివి లెక్కలమీద పెట్టుంటే ఐఐటీలు నిండిపోయేవి.

వీడు కొన్న పెట్టెలో ఉన్నది 'ముస్తఫా'. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ వాళ్లది, 1993. అందులో నలుగురు వీరుల్లో ఒకడి పేరు ముస్తఫా. పసుపు టోపీ పెట్టుకుని పరిగెత్తుకొచ్చి తన్నేవాడు. మన పిల్లలు గేము మొత్తానికే అతని పేరు పెట్టేశారు. స్ట్రీట్ ఫైటర్ లాంటివి తర్వాత ఇంటి టీవీల్లోకి, ఫోన్లలోకి వచ్చాయి. ఇది మాత్రం పెట్టె దాటి ఏ ఇంటి మెషీనుకీ అధికారికంగా రాలేదు. అందుకే తొంభైల్లో చదువుకున్నవాళ్లకి దీనిమీద ఇంత వెర్రి. మావాడు ఆ వెర్రికే డబ్బు పోశాడు. చిన్నప్పుడు వాణ్ణి ఆ కొట్లోంచి చెవి పట్టుకుని లాక్కొచ్చింది మా అన్నయ్య.

బోర్డు చూడగానే నాకు నవ్వొచ్చింది. దొంగ బోర్డు. క్యాప్‌కామ్ అసలు బోర్డు మీద చిన్న బ్యాటరీ ఉంటుంది. రహస్య సంకేతాలు ఆ బ్యాటరీ బతికున్నంతకాలమే నిలుస్తాయి. బ్యాటరీ చస్తే గేము చస్తుంది. కాపీ కొట్టకుండా కంపెనీ వేసిన తాళం అది. కాపీ కొట్టినవాడు ఆ తాళాన్ని పీకి పారేసి, బ్యాటరీ లేకుండా బోర్డు చేశాడు. ముప్పై ఏళ్లు గడిచాక పట్టించుకునే దిక్కు లేని అసలు బోర్డులు మూగబోయాయి, దొంగది మాత్రం బాగుచేసుకోడానికి వీలుగా మిగిలింది. ధర్మం ఏమంటుందో నాకు తెలీదు, మెకానిక్కుగా నాకు మాత్రం సంతోషంగానే ఉంది.

ఇక పని మొదలెట్టాం. స్విచ్చి వేస్తే తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్ల గీత, స్పీకర్లో గుయ్యిమని శబ్దం. మావాడి మొహం వాడిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ గీత వచ్చిందంటే ట్యూబు వెలుగుతోంది, హైటెన్షన్ వస్తోంది, హారిజాంటల్ పనిచేస్తోంది, పోయింది బొమ్మని పైకీ కిందికీ విప్పే వర్టికల్ ఒక్కటే అని అర్థం. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించి ఆపేశాను. ఆ గీతని అలాగే వెలగనిస్తే తెర మీద శాశ్వతంగా మచ్చ పడిపోతుంది.

ప్లగ్గు పీకేసినా ట్యూబు లోపల ఇరవై వేల వోల్టుల పైన నిలవ ఉంటుంది. పొడుగు స్క్రూడ్రైవరుకి తీగ చుట్టి, రెండో కొస ట్యూబు చుట్టూ ఉండే ఎర్తు అల్లిక తీగకి కట్టి, రబ్బరు టోపీ కిందికి తోశాను. టప్‌మంది. మావాడు రెండడుగులు వెనక్కి గెంతాడు. "అందుకే కుడిచెయ్యి పనిచేస్తుంటే ఎడమచెయ్యి జేబులో ఉండాలి" అన్నాను. ఈ జాగ్రత్త నాకు చెప్పిన మనిషి కోరమాండల్ గేటు దగ్గర చిన్న కొట్టు పెట్టుకున్న టీవీ మెకానిక్కు. ఆయన దగ్గర సర్టిఫికెట్టేమీ ఉండేది కాదు. పదివేళ్లూ ఉండేవి, అదే సర్టిఫికెట్టు.

భూతద్దంతో చూస్తే వర్టికల్ ఐసీ కాళ్ల చుట్టూ సన్నటి ఉంగరాల్లా పగుళ్లు. డ్రై సోల్డర్. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి టంకం విడిపోయింది. పాతది తీసి కొత్త లెడ్డు పోస్తే తెర తెరుచుకుంది. పైభాగం మాత్రం మడతపడింది. హీట్‌సింకు పక్కనున్న కెపాసిటర్ వేడికి ఎండిపోయింది మరి. అది మార్చాను, దాని చుట్టాలన్నిటినీ కూడా మార్చాను. డాబాగార్డెన్స్ వెళ్లి తెచ్చుకుంటే అన్నీ కలిపి మావాడు తాగే ఒక కాఫీ ఖరీదు కాలేదు. వాడు ఆ బిల్లు పట్టుకుని చాలాసేపు చూశాడు.

బొమ్మ వచ్చింది కానీ అంతా చెత్త అక్షరాలు, రంగు గళ్లు. "బోర్డు పోయినట్టే కదా బాబాయ్?" అన్నాడు ఆశగా. మూడు వేల గేముల బోర్డు ఇంకా వాడి మనసులోంచి పోలేదు. మీటరు పెట్టి చూస్తే పవర్ సప్లై దగ్గర 5 వోల్టులున్నది బోర్డు దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. మిగతా అర వోల్టు దారిలో తిన్నదెవరు? బోర్డు కొసన యాభైయారు కాంటాక్టుల కనెక్టరుంటుంది, అటు ఇరవై ఎనిమిది, ఇటు ఇరవై ఎనిమిది. 1985 ప్రాంతంలో జపాన్ కంపెనీలన్నీ కూడబలుక్కుని జమ్మా పేరుతో పెట్టుకున్న పద్ధతి అది. ఏ కంపెనీ బోర్డయినా ఏ పెట్టెలోనయినా అతుక్కుంటుంది. ఇప్పటి ఫోన్ ఛార్జర్ల వాళ్లు అలా కూడబలుక్కోవడానికి ఎన్నేళ్లు తీసుకున్నారో మనం చూశాం. ఆ కాంటాక్టులు నల్లబడి మాడిపోయాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, తీగలు కొత్తవి వేశాను. అయిదు వోల్టులూ అయిదు వోల్టులుగా చేరాయి. సగం చెత్త పోయింది.

మిగతా సగం దగ్గర మావాడి పనితనం ఒప్పుకోవాలి, ఒప్పుకోక తప్పదు. ఒక్కో చిప్పూ సాకెట్టు లోంచి లాగి కాళ్లు తుడిచి పెట్టాను. ఒకదాని కాలు ఉప్పుగాలికి తుప్పు పట్టి చేతిలో ఊడొస్తే సన్నతీగతో కొత్త కాలు అతికించాను. అయినా ఒక డైనోసార్‌కి తల ఉండాల్సినచోట గళ్లే. గేము రాసి ఉండే ఈప్రామ్ చిప్పులకి పైన గాజు కిటికీ ఉంటుంది. దానిమీద స్టిక్కరు ఊడిపోతే ఏళ్ల తరబడి వెలుతురు తగిలి రాసింది చెరిగిపోవచ్చు. చిప్పులో ఏముండాలో నాకెలా తెలుస్తుంది? వాడికి తెలిసింది. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ప్రోగ్రాం ఉందట. పాత బోర్డుల చిప్పులన్నీ చదివి, ఏ చిప్పులో ఏముండాలో లోకమంతా కలిసి లెక్క రాసి పెట్టారట. వాడు చిన్న ప్రోగ్రామర్ పరికరం తెప్పించి, చిప్పులన్నీ ఒక్కొక్కటీ చదివి ఆ లెక్కతో పోల్చి, తప్పిన చిప్పుని పట్టుకున్నాడు. కొత్త చిప్పు రాసి నా చేతికిచ్చాడు. డైనోసార్‌కి తల వచ్చింది. నేనేమీ అనలేదు. అనకపోవడమే నా మెచ్చుకోలు అని వాడికి తెలుసు.

ట్యూబు మాత్రం ఉంచవలసిందే అని పట్టుబట్టాను. ఆ గేము బొమ్మ అడ్డంగా 384 చుక్కలు, నిలువునా 224 గీతలు. ట్యూబు మీద ఆ గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని నిండుగా కనిపిస్తాయి. దాన్నే పెద్ద ఎల్‌ఈడీ మీదికి లాగితే ముస్తఫా మొహం ఇటుకలు పేర్చినట్టు అవుతుంది. ట్యూబులు చేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పోతే ఇంకోటి దొరకదు అంటాడు. నిజమే. 2005 ఏప్రిల్‌లో ఇక్కడే పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజున దేశమంతా చూసింది ట్యూబు మీదేరా అన్నాను. అప్పుడెవరికీ మసగ్గా కనిపించలేదు.

ఆఖరి పేచీ రూపాయి దగ్గర. వాడు ఫ్రీ ప్లే పెడదామంటాడు. బొత్తం నొక్కితే ఎన్ని ప్రాణాలు కావాలంటే అన్ని. ఇంకేం గేమది? మా రోజుల్లో రూపాయికి మూడు ప్రాణాలు. అయిపోతే జేబు తడుముకోవాలి. జేబులో లేకపోతే పక్కకి తప్పుకుని ఇంకొకడి ఆట చూడాలి. వెనకవాడు తన రూపాయి తెర కింద అద్దం మీద పెట్టి తన వంతు ఖాయం చేసుకునేవాడు. ఆ రూపాయిని ఎవడూ ముట్టుకునేవాడు కాదు. ఇంత దొంగ గుంటలు, ఆ ఒక్క రూపాయి జోలికి మాత్రం పోయేవారు కాదు! ఇప్పుడు ఫోన్లో ఆట ఉచితం అంటారు, మధ్యలో కత్తి కావాలంటే తొంభై తొమ్మిది, చొక్కా కావాలంటే రెండొందలు. అయిపోవడమన్నదే లేదు. పిల్లవాడు ఎప్పుడు లేవాలో చెప్పేదెవరు?

కాయిన్ డబ్బా బాగుచేశాను. చేశాక తెలిసింది అసలు చిక్కు. డబ్బా 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయికి కట్టింది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, అయిదు గ్రాములకి కాస్త తక్కువ బరువు. 2011 నుంచి వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లు, నాలుగు గ్రాములు కూడా లేదు. వేస్తే గలగలమంటూ కింది కన్నంలోంచి బయటికి వచ్చేస్తుంది. ఒక రూపాయి ఇంకో రూపాయిని రూపాయిగా ఒప్పుకోదు. "క్యూఆర్ కోడ్ అంటిద్దాం బాబాయ్" అన్నాడు వాడు, వేళాకోళానికే అనుకోండి. మా ఆవిడ దేవుడి గూట్లో హుండీ ఉంది. అందులోంచి పాత రూపాయిలు ఏరుకొచ్చాను. వాటిని పెట్టె పక్కన డబ్బాలో పెట్టాం. ఆడాలంటే అందులోంచి తీసుకోవాలి, అయిపోతే తాళం తీసేదాకా ఆగాలి. తాళం నా దగ్గరుంటుంది.

ఎక్కువగా ఆడేది మావాడి కూతురు. ఆ చీకటి కొట్లలో అడుగు పెట్టడానికి లేని ఆడపిల్లల వాటా అంతా ఇది ఒక్కతే ఆడేస్తోందనిపిస్తుంది. మొదటిరోజు అడిగింది: "తాతా, ఇందులో సేవ్ బటన్ ఎక్కడ?" లేదన్నాను. కరెంటు పోతే స్కోరు కూడా పోతుందన్నాను. వెంటనే పెన్సిలు తెచ్చి పెట్టె పక్కన కొత్తగా అంటించిన సన్‌మైకా మీద తన స్కోరు రాసింది. దానికింద వాచ్‌మన్ గారి అబ్బాయి వచ్చి అంతకు రెట్టింపు రాసి పోయాడు. సన్‌మైకా ఖరీదు ఎంతో ఇద్దరికీ చెప్పాను, ఒక్కరూ వినలేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకి శబ్దం ఎక్కువయిందట, వాల్యూము తగ్గించమన్నారు. స్పీకరుకి వాల్యూము కంట్రోలు పెట్టె లోపల ఉంటుంది, అది తిప్పాలన్నా వెనక తలుపు తియ్యాలి.

నిన్న రాత్రి మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. శ్రీకాకుళం వైపు ఇంకో పెట్టె ఉందట, కారు రేసు గేము, స్టీరింగు, సీటు అన్నీ ఉన్నాయట, గుడ్ కండిషనట. ఫొటోలు పంపాడు. నాలుగూ ముందు నుంచి తీసినవే. అమ్మేవాణ్ణి వీడియో కాల్ చేసి వెనక తలుపు తీసి చూపించమన్నాను. తీస్తాడో లేదో రేపు తెలుస్తుంది. తియ్యకపోతే టాటా ఏస్ మాట్లాడొద్దని చెప్పాను.